నిషాదం కూర్చునే చోటు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. ఎందుకంటే ఇది చదివి, "చూశారా, అంత చదివినావిడ కూడా చివరికి" అని మూతి తిప్పేవాళ్ళు మా బంధువుల్లోనే బోలెడుమంది ఉన్నారు. నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. జరిగింది మాత్రం జరిగింది. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడం నా పని కాదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త. కర్నూలులో ప్రభుత్వం డేరాల కింద నడుస్తోందని పేపరులో చదివి మా నాన్న నవ్వుకునే రోజులు. నేను అనంతపురంలో బి.ఏ. ముగించి, మద్రాసు పోయి సంగీతం పరీక్ష కూడా రాసి, ప్రొద్దుటూరులో మా ఇంట్లో కూర్చుని ఉన్నాను. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళతో వాదన పెట్టుకుంటున్నానని మా అమ్మ తల పట్టుకున్న సమయంలో జమ్మలమడుగు నుంచి ఆర్డరు వచ్చింది. ఆడపిల్లల ఎలిమెంటరీ బడిలో, ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా పాట నేర్పాలి.

"బి.ఏ. చదివి ముక్కుచీమిడి పిల్లలకు సరిగమలు చెప్తావా?" అన్నాడు మా మేనమామ.

"మీకు అవి కూడా రావు గదా మామా" అని, ఆ సాయంత్రమే ట్రంకు సర్దుకున్నాను.

బడి ఒకప్పుడు పత్తి గోడౌను. గోడలూ, నేలా, పైకప్పూ అన్నీ నల్లటి నాపరాతి బండలే. కిటికీలు మనిషెత్తుకు పైన, చేట అంత వెడల్పున ఉండేవి. వీధిలో ఎండ నిప్పులు చెరుగుతున్నా లోపల అడుగు పెడితే అరికాళ్ళు జిల్లుమనేవి. పత్తి పోయి ఏళ్ళయినా బండల సందుల్లో దూది పీచు ఇరుక్కుని ఉండేది. పిల్లలు గట్టిగా పాడితే ఆ పీచు సన్నగా కదిలేది. బడి వెనక సందు నిండా చేనేతవాళ్ళ ఇళ్ళు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా గుంటమగ్గాల చప్పుడు గోడలోంచి వస్తూనే ఉండేది.

నాకు ముందు అక్కడ పనిచేసిన పాట టీచరు భర్తకు బదిలీ అయి వెళ్ళిపోయింది. ఆమె ఒక పద్ధతి పెట్టి వెళ్ళింది. చిన్నపిల్లలకు ఎనిమిది స్వరాలు ఒక్క ఊపిరిలో అందవని, గొంతు బాగున్న ఏడుగురిని ముందు వరుసలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో స్వరం అప్పగించింది. షడ్జం ఒకమ్మాయిది, రిషభం ఇంకొకమ్మాయిది, అట్లా నిషాదం దాకా. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు పాడాలి. వెనక ఉన్నవాళ్ళు తాళం వేయాలి. పై షడ్జం దగ్గర మాత్రం అందరూ కలవాలి. కొన్నాళ్ళకు ఆ స్వరాలే పిల్లలకు పేర్లయిపోయాయి. వీధిలో కూడా "ఏ గాందారం, నీళ్ళకు పోదాం రా" అని పిలుచుకునేవాళ్ళు. తరువాత నేను పులివెందులలో పనిచేసినన్నాళ్ళూ, ఈ పద్ధతి పెడతామని ఎవరు అన్నా నేను ఒప్పుకోలేదు. కారణం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మొదటిరోజు శ్రుతిపెట్టె తెరిచి, మాయామాళవగౌళలో మొదటి వరుస అందుకోమన్నాను. పిల్లలు తొడ మీద చెయ్యి వేసి మొదలుపెట్టారు. స, రి, గ, మ, ప, ద. ఆ తరువాత దెబ్బకు చేతులు పడ్డాయి గాని గొంతు లేవలేదు. ఒక్క దెబ్బంత ఖాళీ. వెంటనే అందరూ కలిసి పై షడ్జం. దిగేటప్పుడూ అంతే. షడ్జం, ఖాళీ, ధైవతం. ముందు వరుస చివర ఒక మనిషి పట్టేంత చోటు వదిలేసి ఉంది. ఆ చోట ఒక పలక బోర్లించి ఉంది.

"నిషాదం ఏది?" అన్నాను.

గాంధారం అనే పిల్ల లేచింది. ముందుపళ్ళు రెండూ ఊడి ఉన్నాయి. ఆ తరగతికి పెద్దరికం అంతా దానిదే.

"దానికి పెద్దమ్మవారు పోసింది టీచర్. ఇంట్లో ఉండాది."

మశూచికి అక్కడ అదే మాట. "సరే, అది వచ్చేదాకా నిషాదం ఇంకొకరు పాడండి" అన్నాను.

వరుస మొత్తం నన్ను వింతగా చూసింది.

"నీళ్ళు పోసేదంక దాని వస్తువు ఎవురూ ముట్టకూడదు టీచర్" అంది గాంధారం, నాకు పాఠం చెబుతున్నట్టు. "పలక ముట్టకూడదు. జాగాలో కూర్చోకూడదు. దాని సొరం పాడకూడదు."

"స్వరం వస్తువా?"

"మల్ల? దానిదే గదా."

అమ్మవారు తగ్గాక వేపాకు నీళ్ళతో తలంటితే గాని ఆ పిల్ల మళ్ళీ నలుగురిలో కలవదు. అంతవరకు ఆ పిల్లవి ఏవీ ఎవరూ తాకరు. ఇది మా వైపు అందరికీ తెలిసిన ఆచారమే. స్వరాన్ని కూడా ఆ లెక్కలో కలిపింది మాత్రం ఈ పిల్లలే. మధ్యమం పాడే దూదేకుల పిల్ల కూడా గట్టిగా తల ఊపింది. ఏడేళ్ళదానితో వాదించి ఓడిపోవడం నాకదే మొదటిసారి. సర్లే, నాలుగు రోజుల్లో నీళ్ళు పోస్తారు గదా అని వదిలేశాను.

నీళ్ళు పోయలేదు. రోజులు గడిచాయి. ఖాళీ అట్లాగే ఉంది.

ఆ ఖాళీలో ఏదో వినిపిస్తోందని నాకు ఎప్పుడు తెలిసిందో సరిగ్గా చెప్పలేను. మొదట అది నా చెవి అలవాటనుకున్నాను. తెలిసిన వరుసలో ఒక స్వరం లోపిస్తే చెవి తానే పూరించుకుంటుంది, అందులో వింతేమీ లేదు. కాని నా చెవి పూరించుకుంటే నా గొంతుతోనో, నాకు చెప్పిన గురువుగారి గొంతుతోనో పూరించుకోవాలి. ఇది చిన్నపిల్ల గొంతు. కొద్దిగా ముక్కుతో పలికేది. స్వరం దగ్గర ఏమాత్రం తడబాటు లేదు, గీత గీసినట్టు ఉండేది. అది లేచినప్పుడు గోడల్లోని దూది పీచు కదిలేది.

ఎవరో నోరు తెరవకుండా పాడుతున్నారని పట్టుకోవడానికి పిల్లల మధ్య తిరిగాను. ఆ దెబ్బ దగ్గరికి వచ్చేసరికి అందరూ పెదాలు బిగించేవాళ్ళు. రిషభం అయితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. గొంతు మాత్రం వచ్చింది.

తరువాత నాకు మంచి కారణమే దొరికింది. శ్రుతిలో పంచమం గట్టిగా మోగితే దానిలోంచే సన్నగా నిషాదం పుడుతుంది. తంబురా మీటేవాళ్ళకు ఇది కొత్త కాదు. బండల గది కాబట్టి అది ఇంకా స్పష్టంగా వినిపిస్తోంది, అంతే. ఈ తెలివికి నన్ను నేనే మెచ్చుకుని, మరుసటిరోజు శ్రుతిపెట్టె మూసేసి పాడించాను. ఆ రోజు గొంతు ఇంకా దగ్గరగా వినిపించింది.

"మీకేమన్నా వినపడుతోందా?" అని చివరికి పిల్లలనే అడిగాను.

"ఏంది టీచర్, నిసాదమా?" అంది గాంధారం. "రోజూ వినపడతాది గదా."

"ఎవరు పాడుతున్నారు?"

"ఎవురూ పాడలే. జాగా ఇడిస్తే అది పాడుకుంటాది."

ఆ పిల్లల్లో ఒక్కరికీ భయం లేదు. అదే నాకు భయం పుట్టించింది. మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు చూశాను. ఒక ఆకు పరిచి, తలా కొంచెం జొన్నరొట్టె, ఎర్రకారం, కాల్చిన చెనక్కాయలు ఆ చోట పెట్టి, వాళ్ళ పాటికి వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ తింటున్నారు. గంట కొట్టేసరికి ఆకు ఖాళీ. కాకులో చీమలో తిన్నాయనుకున్నాను. ఆ కిటికీల్లోంచి కాకి దూరదు. ఆకు మీద నేనెప్పుడూ ఒక్క చీమను చూడలేదు.

ఆ సాయంత్రం పిల్లలంతా ఇళ్ళకు పోయాక, తలుపు వేసే ముందు ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను. కిటికీలోంచి ఇంకా ఎండ పడుతోంది, కాని నేల దాకా దిగడం లేదు. వరుస చివర వంగి, ఆ ఖాళీ చోట అరచెయ్యి ఆనించాను. చుట్టూ ఉన్న బండలు మంచులాగా ఉన్నాయి. ఆ ఒక్కచోట వెచ్చగా ఉంది, ఎవరో ఇంతసేపు కూర్చుని అప్పుడే లేచిపోయినట్టు. ఉలిక్కిపడి చెయ్యి తీసేశాను. అప్పుడు అక్కడ ఎవరూ లేరు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

అటునుంచి అటే పెద్ద టీచరమ్మ గదికి పోయాను. ఆమెది నెల్లూరు. నా మాటంతా విని, కళ్ళజోడు తుడుచుకుంది.

"నాకు సంగీతం రాదమ్మాయ్, కాబట్టి నాకేమీ వినపడదు. పాట టీచరు పోస్టు ఇవ్వడానికే పై ఆఫీసువాళ్ళకు ప్రాణం మీదికొచ్చింది. ఇప్పుడు దయ్యాల టీచరు కావాలని నేను రాయలేను."

"దయ్యం అని నేననలేదు. ఆ పిల్ల ఇల్లు మన గోడ వెనకే గదా. ఇంట్లో కూర్చుని మన తాళానికి పాడుతోందేమో. పోయి చూసి వస్తాను."

"అదీ మాట. పోయి నోరు మూసుకోమని చెప్పిరా" అంది.

మరుసటిరోజు పొద్దున వెనక సందులోకి వెళ్ళాను. ఇంటింటా మగ్గం ఆడుతోంది. ఒక్క ఇంటి దగ్గర మాత్రం నిశ్శబ్దం. గడపకు కట్టిన వేపమండలు ఎండి గలగలమంటున్నాయి. అమ్మవారున్న ఇంట్లో మగ్గం ఆడించరు. అరుగు మీద పిల్ల నాయనమ్మ, అంటే జేజి, కూర్చుని వేపాకు దూస్తోంది.

"ఎవురు మే నువ్వు?"

"బడిలో పాట చెప్పే టీచరును."

"పొద్దున ఏం తిన్న్యావు?"

ఇదేం ప్రశ్న అనుకుంటూనే, "చిత్రాన్నం" అన్నాను.

"తాలింపు ఏసిందేనా?"

"తాలింపు లేకుండా చిత్రాన్నం ఎట్లా చేస్తారు?"

"అట్లయితే ఆడ్నే నిలబడు. ఆ వాసన అమ్మవారికి పడదు, గడప తొక్కొద్దు. వాదించేదానికి వచ్చింటే ఆడ్నుంచే వాదించు. నా చెవులు బాగుండాయి."

నాకు ఆ ముసలామె వెంటనే నచ్చింది. పిల్ల ఎట్లా ఉందని అడిగాను.

"పొక్కులు ఎండి రాలిపోయి శానా దినాలాయె. ఒక కంట్లో పువ్వు పడె. పోనీ, పానం దక్కింది, అది చాలనుకుంటిమి. వాళ్ళమ్మ పచ్చిబాలింత, పెద్దముడియంలో పుట్టింట్లో ఉండాది, ఈ బిడ్డను చూసేదానికి కూడా రాలేకపోతాండాది. ఇప్పుడు ఇది ముద్ద మింగదు. రోజురోజుకూ ఎముకలు పైకి వస్తాండాయి."

"ఎందుకు తినడం లేదు?"

"బళ్ళో తిన్న్యా అంటాది."

నా వీపు మీద ఎండ చురుక్కుమంటోంది. గంట కొట్టేసరికి ఖాళీ అయ్యే ఆ ఆకు గుర్తొచ్చింది.

"మీరు పాడేటప్పుడు మంచంలో లేచి కూచుంటాది" అంది జేజి. "ఇప్పుడు నేను పాడతా చూడు జేజీ, అంటాది. నోరు మాత్రం తెరవదు. గొంతు మీ బళ్ళోనుంచి వస్తాది. ఏమ్మే, మీ బళ్ళో పిల్లోల్లు ఇంగొకరి సొరం ఎట్ల పాడతారు? ఎవుర్తి అది, నా మనవరాలి మాదిరే ముక్కుతో పాడేది?"

"మా బడిలో ఎవరూ పాడడం లేదు. అక్కడికి వచ్చేసరికి అందరూ నోరు మూసుకుంటారు. ఆ గొంతు మీ ఇంట్లోంచి వస్తోందనుకునే నేను వచ్చింది."

వేపాకు దూసే చెయ్యి ఆగింది.

లోపల, ఆడని మగ్గం గుంటలో, ఒక మగమనిషి కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. పిల్ల తండ్రి. అంతసేపూ నేనతన్ని గమనించలేదు. తల ఎత్తకుండానే అన్నాడు.

"నేనూ విన్న్యానమ్మా. మా బిడ్డ గొంతే. బడి దిక్కునుంచే వస్తాది."

అప్పుడు లోపలి మంచం కిర్రుమంది. పిల్ల గోడకు ఆనుకుని లేచి కూర్చుంది. ముఖమంతా గుంటలు. ఒక కన్ను తెల్లగా ఉంది. రెండో కన్నుతో నా వైపు చూసింది. నేను ఆ ఊరు వచ్చేటప్పటికే ఆ పిల్ల మంచం పట్టింది. నన్ను చూసే అవకాశమే లేదు.

"కొత్త టీచరు" అంది జేజితో, పరిచయం చేస్తున్నట్టు.

"నన్నెక్కడ చూశావు?" అన్నాను.

"రోజూ చూస్తా గదా. నేను బడికి వస్తానే ఉండా గదా టీచర్." కాసేపు ఊపిరి తీసుకుంది. "నిన్న అందరూ పోయినాంక నా కాడికి వచ్చి బండ మీద చెయ్యి పెడితివి. ఉలిక్కిపడితివి."

నేను బి.ఏ. చదివాను. నాకు తర్కం తెలుసు. పిల్లలు గోడ మీదుగా వచ్చి అన్నీ చెబుతున్నారని అంతదాకా అనుకోవచ్చు. కాని ఆ మాట చెప్పడానికి నిన్న సాయంత్రం అక్కడ పిల్లలెవరూ లేరు. నా నోటి వెంట చాలాసేపు మాట రాలేదు. మా అమ్మ అక్కడ ఉండి ఉంటే ఆ దృశ్యం చూసి సంతోషించేది.

"అది బాగా పాడతాది టీచర్" అంది పిల్ల, మెల్లగా. "నాకంటే బాగా. ఇంగ నేనెందుకు లేసేది?"

జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతవరకు ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అదే. ఆ పిల్ల ఉన్నచోట నుంచి కొంచెం కొంచెంగా వెళ్ళిపోతోంది. వెళ్ళేది మా గోడకు ఆవలివైపుకు.

"నీళ్ళు పోసెయ్యండి" అన్నాను. "పొక్కులు రాలాక ఇంకా ఎందుకు ఆపారు?"

"ఎట్ల పోసేది? ఆ గొంతు వినపడినన్ని దినాలు అమ్మవారు పోలేదనే గదా. పోకముందే నీళ్ళు పోస్తే ఊరుకుంటాదా?"

"గొంతు వినపడేది పిల్లలు చోటు వదిలారు కాబట్టి. వాళ్ళు వదిలింది నువ్వు నీళ్ళు పోయలేదు కాబట్టి. నువ్వు పోసేదాకా వాళ్ళు పాడరు. గొంతు ఆగేదాకా నువ్వు పొయ్యవు. మధ్యలో ఈ పిల్ల ఎండిపోతోంది."

"మల్ల నువ్వు ఉండేది ఎందుకు? ఆ సొరం ఇంగొకదానికి ఇయ్యి. ఖాళీ లేకుంటే అది యాడ పాడతాది?"

మంచం మీద నుంచి పిల్ల అడిగింది, "ఇంగొకరికి ఇస్తే నేను యాడ కూచునేది?"

సందులో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. తండ్రి పడుగు దారాల మీద చెయ్యి వేసి, ఒక్కో దారాన్నీ ఊరికే తడుముతున్నాడు.

నేను వాదనలో గెలిచిన సందర్భాలు చాలా ఉన్నాయి. చాలావాటి వల్ల ఎవరికీ ఉపయోగం కలగలేదు. ఆ పొద్దు మాత్రం ఆ ముసలామె మాటలోంచే నాకు దారి దొరికింది.

"నీళ్ళు పోసేటప్పుడు దాని వస్తువులన్నీ ఒకచోట చేర్చాలి గదా జేజీ?"

"మల్ల. పక్కగుడ్డలు, చెంబు, గిన్నె, అన్నీ. ఒక్కటి మరిస్తే అమ్మవారు దాన్ని పట్టుకోని నిలబడిపోతాది."

"అయితే నీ దగ్గర అన్నీ లేవు. దాని పలక మా బళ్ళో ఉంది. దాని స్వరం కూడా మా బళ్ళోనే ఉంది. పలకైతే తెప్పించుకుంటావు, స్వరాన్ని ఎట్లా తెప్పిస్తావు? అది ఇంటికి రాదు. నువ్వే నీళ్ళ కుండతో, పిల్లతో అక్కడికి రావాలి."

జేజి నన్ను తల నుంచి కాళ్ళదాకా చూసింది.

"సదువుకున్నదానివి, నమ్మి చెప్తాండావా, పిల్లను లేపేదానికి చెప్తాండావా?"

"అది నీకెందుకు? చెప్పిన మాట సరిగ్గా ఉందా, లేదా?"

వేపాకు చేటలోంచి తీసి గుప్పెట్లో నలిపింది.

"ఉండాది" అంది.

పెద్ద టీచరమ్మకు చెబితే, "సంగీతం పీరియడులో స్నానాలా" అని నోరు తెరిచింది. తరువాత, "నాకు చెప్పకుండా చెయ్యి. చెబితే వద్దనాలి" అని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను తరగతిలో ప్రతి పిల్ల జబ్బ మీది బట్ట తొలగించి టీకా మచ్చ చూశాను. ఆచారం ఆచారమే, టీకా టీకానే.

ఆ రోజే పొద్దు బాగా ఎక్కాక జేజి పిల్లను చంకనేసుకుని వచ్చింది. వెనక తండ్రి, నెత్తిన కుండతో. బడి పెరట్లో బావి పక్కన బండ మీద పిల్లను నిలబెట్టి, పక్కగుడ్డలూ, చెంబూ, గిన్నే, తానే లోపల్నుంచి తెచ్చిన పలకా చుట్టూ పెట్టి, వేపాకూ పసుపూ కలిపిన నీళ్ళు తలమీద పోసింది. మా పిల్లలు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి చూశారు. ఎవరూ నవ్వలేదు, తోసుకోలేదు. ఆ నీళ్ళ చప్పుడు మధ్య నాకు ఒక సంగతి తట్టింది. వెనక సందులో మగ్గాలేవీ ఆడడం లేదు. ఆ ఇళ్ళన్నీ ఆగి వింటున్నాయి.

తడి తలతోనే లోపలికి తెచ్చారు. గాంధారం ఎదురు వచ్చి చెయ్యి పట్టుకుని, "ఈడ" అని ఆ చోటు చూపించింది. పిల్ల కూర్చుంది. కూర్చోగానే కొంచెం పక్కకు జరిగింది, అప్పటికే అక్కడ ఎవరో ఉంటే జరిగినట్టు.

శ్రుతిపెట్టె తెరవలేదు. తొడ మీద నేనే తాళం వేశాను.

స, రి, గ, మ, ప, ద. చేతులు పడ్డాయి. పిల్ల నోరు తెరవలేదు. గొంతు వచ్చింది, ఎప్పటిలాగే, తడబాటు లేకుండా. ఆ రోజు అది గోడలోంచి రాలేదు. వరుస చివర నుంచి వచ్చింది, పిల్ల భుజం పక్కనుంచి. పిల్ల మెల్లగా తల తిప్పి, బాగున్న కన్నుతో ఆ పక్కకు చూసింది. ఏం చూసిందో నాకు తెలియదు. నాకు కనిపించింది నల్లటి బండ, దాని మీద నీటి చుక్కలు. కొన్ని చుక్కలు పిల్లకు దూరంగా పడి ఉన్నాయి, అంత దూరం ఎట్లా పడ్డాయో.

గుమ్మంలో జేజి నా వైపు చూసింది. ఆపొద్దు అన్నట్టు చెయ్యి ఊపింది.

రెండోసారి. స, రి, గ, మ, ప, ద. పిల్ల పెదవులు కదిలాయి, కొంచెం ఆలస్యంగా. కళ్ళు మూసి తెరిచేంతసేపు రెండు గొంతులు వినిపించాయి. ఒకటి నున్నగా ఉంది. ఒకటి చాన్నాళ్ళు వాడక తుప్పు పట్టినట్టుంది. తరువాత ఒక్కటే మిగిలింది. మిగిలింది తుప్పు పట్టిన గొంతే. అది స్వరానికి కింద ఉంది, వణికింది, మధ్యలో తెగింది కూడా. పరీక్షలో ఎవరన్నా అట్లా పాడితే నేను మార్కులు వేసేదాన్ని కాదు. అందరూ కలిసి పై షడ్జం అందుకున్నారు. గోడల్లో దూది పీచు కదలలేదు.

మళ్ళీ పాడించాను. మళ్ళీ ఆ బొంగురు గొంతే. ఆగకుండా పాడిస్తూ పోయాను, నాకు ఆపడానికి ధైర్యం చాలలేదు. చివరికి పిల్లే ఆగింది.

"టీచర్" అంది. "ఆకలైతాంది."

మధ్యమం సద్దిమూట విప్పి, రొట్టె తుంచి, కారం అద్ది, ఆకు మీద పెట్టబోయి, ఆగి, పిల్ల చేతికే ఇచ్చింది. పిల్ల తినడం మొదలుపెట్టింది. కారానికి కళ్ళ వెంట నీళ్ళు వస్తున్నా ఆపకుండా తింది. వెనక సందులో ఒక మగ్గం ఆడింది. దాని వెనక ఇంకొకటి. పిల్ల తండ్రి కుండ అందుకుని ఇంటివైపు గబగబా నడిచాడు. కాసేపటికి ఆ వరుసలో లోటు లేకుండా అన్ని మగ్గాలూ వినిపించాయి.

పిల్ల సగం రొట్టె తిన్నాక పక్కనున్న ఖాళీ బండ వైపు చూసి, "జేజీ, అది యాడికి పాయె?" అంది.

అదే ప్రశ్న నా నాలుక మీదా ఉంది. అడిగేదాన్నే.

"అడగబాక" అంది జేజి. అంటూ పిల్లను కాదు, నన్ను చూసింది. "నువ్వు తిను మే."

నేను వంగి ఆ బండ మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది.